నాలుగో గడి ఆకుపచ్చ

"నెల రోజులుగా ఖాళీ నీళ్ళకి లైటు వేసి చూపిస్తున్నానండీ వచ్చినవాళ్ళకి! నీళ్ళు పోశారు, ఉప్పు కలిపారు. ఇంకేం కావాలి ఆ చేపలకి, పట్టుపరుపులా?"

"నీళ్ళు తయారవ్వాలి డాక్టర్‌గారూ."

"నీళ్ళు తయారవడమేంటి? అదేమన్నా పిండా, పులియడానికి?"

"దాదాపు అంతే."

"సోమవారం పిల్లల విభాగం తెరుస్తున్నా. ఆ రోజు ఈ తొట్టిలో చేపలుండాలి. మీరు వేయకపోతే బజార్లో కొని నేనే వేస్తా."

"వేయండి. మంగళవారం తీసి పారేయడానికి మీ నర్సుకి ముందే చెప్పి ఉంచండి."

తలుపు మూసే ఉంది కానీ అది అద్దం తలుపు. లోపల మాట్లాడే ప్రతి ముక్కా బయట టోకెన్లు ఇచ్చే నాకూ, నా ఎదురుగా బుగ్గ వాచిన పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆవిడకీ చక్కగా వినిపిస్తోంది. లోపల అరుస్తున్నది మా బావ, అంటే మా అక్క మొగుడు, పళ్ళ డాక్టరు. అరవకుండా అంతకంత వడ్డిస్తున్నది ఉప్పుమాస్టారు. నేను ఇంజనీరింగు మూడో ఏడు మధ్యలో వదిలేసి ఇంట్లో గోడలు చూస్తూ పడుంటే, మా అక్క పోరు పడలేక బావ నన్ను ఈ టోకెన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నోటికి అడ్డు లేదని అప్పటికే రెండుసార్లు తీసేస్తానన్నాడు. తొట్టి చూసి "చేపలేవీ?" అని ఒకాయన అడిగితే "పళ్ళు పీకించుకోడానికి లోపలికెళ్ళాయి" అన్నానని ఒకసారి. రెండోది రాయను.

ఉప్పుమాస్టారికి యాభై ఎనిమిదేళ్ళు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు గాజు గొట్టాలు, ఒక రంగుల అట్ట. ఇరవై మూడేళ్ళు రొయ్యపిల్లల్ని పొదిగించే కేంద్రంలో నీళ్ళు చూశాడు. ఉప్పెంత, వేడెంత, విషమెంత అని రోజుకి ఆరుసార్లు కొలిచి పలక మీద రాయడం ఆయన పని. ఒకసారి యజమాని తొందరపెడితే, ఇంకో రెండు రోజులు ఆగాలని తెలిసి కూడా "సరే" అని సంతకం పెట్టాడట. తెల్లారేసరికి తొట్టి అడుగున పిల్లలన్నీ తెల్లగా బూడిద పరిచినట్టు పడి ఉన్నాయట. "అరిచింది ఆయన, సంతకం నాది" అన్నాడు నాతో ఒకసారి, అంతే. తర్వాత ఆ కేంద్రం మూతపడింది. అప్పటినుంచి ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో సముద్రపు నీళ్ళ తొట్లు పెట్టి చూసుకుంటూ బతుకుతున్నాడు.

ఆయన నాకు చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. చేప తింటుంది, విసర్జిస్తుంది. అందులోంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకే విషం. సముద్రమైతే పెద్దది కాబట్టి చెల్లిపోతుంది. తొట్టి అంటే తలుపులన్నీ మూసిన గది. అయితే కంటికి కనపడని బ్యాక్టీరియా ఒక రకం ఆ అమ్మోనియాని తిని నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని తిని నైట్రేట్ చేస్తుంది. అది కొంచెం మెతక, వారానికోసారి కాసిని నీళ్ళు మారిస్తే పోతుంది. ఈ రెండు రకాలూ కాపురం పెట్టడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అందాకా చేపలుండవు, ఆ బ్యాక్టీరియాకి తిండిగా రోజూ సీసాలోంచి నాలుగు చుక్కల అమ్మోనియా ఈయనే వేస్తాడు. వేసినది ఒక్క రోజులో పూర్తిగా మాయమైతే తొట్టి తయారైనట్టు.

"అంటే నేను జీవితమంతా చంపుతూ వచ్చిన క్రిముల్ని ఈయన నా ఆసుపత్రిలోనే పెంచుతున్నాడన్నమాట" అన్నాడు బావ మొదటిరోజు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత్తర్వాత నవ్వడం మానేశాడు.

పైగా బావకి అంతా తెల్లగా, నున్నగా ఉండాలి. గరుకు రాళ్ళు వద్దన్నాడు. మూడే మూడు తెల్లరాళ్ళు. రాళ్ళ సందుల్లో పెరగాల్సిన బ్యాక్టీరియాకి చోటు లేక, మాస్టారు తొట్టి కింది అరలో రెండు వల సంచుల నిండా సిరామిక్ ఉంగరాలు పోసి పెట్టాడు. నీళ్ళు పంపులోంచి వాటి మీదుగా తిరిగి పైకి వెళ్ళేవి. "ఊరంతా ఈ సంచుల్లోనే ఉంది బాబూ. పైన కనపడేది ఉత్త షోకేసు" అన్నాడు.

మాస్టారికీ తొందరే, కానీ బావకున్న తొందర కాదు. ఆయన ఇంట్లో పదకొండేళ్ళుగా ఒక క్లౌన్ ఫిష్ జంట ఉంది, నారింజ రంగు మీద తెల్ల చారలవి. ఆ పాత తొట్టి మూల జిగురు వదిలి చుక్కచుక్కగా కారుతోంది. కింద వాటా వాళ్ళు తమ గోడ నానుతోందని రోజూ మెట్లెక్కి వస్తున్నారు. ఇంట్లో కొత్త తొట్టి పెట్టే చోటు లేదు. ఆ జంటని మా ఆసుపత్రి తొట్టికి ఇచ్చేస్తానని, వారానికి మూడుసార్లు వచ్చి చూసుకుంటానని ఒప్పుకున్నాడు. వాటికి ఇక వేరే ఇల్లు లేదు.

ఇంకో సంగతి, అప్పటికి నాకు తెలియదు, మీకు ముందే చెప్పేస్తున్నా. ఆయన అమ్మోనియా పరీక్షకి గొట్టంలో నీళ్ళు పట్టి మందుచుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగాలి. నీళ్ళు పసుపుగా ఉంటే విషం సున్నా. ఆకుపచ్చ తిరిగే కొద్దీ ఎక్కువ, ఎంతన్నది రంగుల అట్ట మీది గడులతో పోల్చి చూడాలి. ఉప్పుమాస్టారికి నాలుగేళ్ళుగా పసుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదు.

బుధవారం ఉదయం ఆయన యథాప్రకారం చిన్న సీసాలో నీళ్ళు పట్టుకుని ఇంటికెళ్ళాడు. "ఇక్కడ ట్యూబులైటు, రంగు సరిగ్గా పడదు" అనేవాడు ఎప్పుడూ. గంటలో తిరిగొచ్చాడు, మొహం వెలిగిపోతూ. "సున్నా. నైట్రైటూ సున్నా." మళ్ళీ నాలుగు చుక్కల తిండి వేసి, శుక్రవారం ఇంకోసారి చూసి శనివారం చేపల్ని తెస్తానన్నాడు.

గురువారం పొద్దున మాస్టారి ఇంట్లో పాత తొట్టి మూల పూర్తిగా విడిపోయింది. పది గంటలకి ఆటోలో మూత బకెట్‌తో దిగాడు. చొక్కా నడుం దాకా తడిసి ఉంది. నిలవ పెట్టుకున్న డ్రమ్ములోని ఉప్పునీళ్ళన్నీ వాడి సగం నీళ్ళు మార్చి, సన్నటి గొట్టంతో గంటన్నర సేపు చుక్కచుక్కగా అలవాటు చేసి, చేపల్ని తొట్టిలోకి వదిలాడు. పరీక్ష చేయలేదు. నిన్న సున్నా వచ్చింది కదా. ఇరవై మూడేళ్ళలో చేయని పని ఆ ఒక్కరోజు చేశాడు.

బావ వచ్చి భుజం తట్టాడు. "చూశారా, తల్చుకుంటే ఎంతసేపు?"

మాస్టారు సన్నటి గొట్టం చుట్టి బకెట్లో వేసుకున్నాడు.

శుక్రవారం తొమ్మిదింటికి నేను షట్టరు ఎత్తేసరికి రెండు చేపలూ నీటి పైఅంచున ఉన్నాయి. మూతులు తెరిచి మూస్తున్నాయి, ఎవరో వెంటపడి తరిమినట్టు. మగది, అంటే చిన్నది, ఒక పక్కకి వాలిపోతోంది. ఫోన్ చేశాను. పది నిమిషాల్లో వచ్చాడు. సీసా పట్టుకుని ఇంటికెళ్ళే టైము లేదు. గొట్టంలో నీళ్ళు పట్టి, మందుచుక్కలు వేసి, చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ నేను ఫోన్ చూసుకుందామనుకున్నా, చేయి జేబులోకి పోలేదు.

గొట్టాన్ని అట్ట పక్కన పెట్టాడు. కిటికీ దగ్గరికెళ్ళాడు. తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. నా వైపు చాపాడు.

"ఇదేం రంగు బాబూ?"

"అదేంటి మాస్టారూ, మీకు తెలీదా?"

"తెలీదు కాబట్టేగా అడిగింది!" మొదటిసారి ఆయన గొంతు పెరగడం విన్నాను. "చెప్పు. ఏ గడి?"

"ఆకుపచ్చ. నాలుగో గడి."

"సరిగ్గా చూడు."

"నాకు చదువు రాలేదు గానీ కళ్ళు బానే ఉన్నాయి. నాలుగోదే."

ఆయన అక్కడే బల్ల అంచున కూర్చుండిపోయాడు. నాలుగేళ్ళుగా ప్రతి గొట్టం ఇంటికి మోసుకెళ్ళి ఎవరితో చూపించుకుంటున్నాడో అప్పుడు చెప్పాడు. ఆయన భార్య టైలరు. రోజంతా గుడ్డకి దారం జత చేసే మనిషి. వెంటనే ఆవిడకి ఫోన్ కలిపాడు. కంగారులో స్పీకరు నొక్కుకుంది.

"మొన్న నువ్వు చూసింది పసుపేనా?"

"ఏం, ఇప్పుడెందుకూ?"

"పసుపేనా కాదా? జాకెట్లకొచ్చిన నలుగురి మధ్య కూర్చుని పరధ్యానంగా చూశావేమో..."

"ఇదిగో, నోరు జాగ్రత్త. ముప్పై ఏళ్ళుగా దారాలు కలుపుతున్నా. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు జాకెట్టు తిప్పి పంపలేదు. పసుపు నాకు తెలీదా? నీకు కనపడక నాకు అంటిస్తావా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అమ్మోనియా వచ్చిందే. చేపలు పైకొచ్చేశాయి."

అవతల కుట్టుమిషను ఆగిపోయింది.

నాకు కాలు ఒకచోట నిలవదు. వాళ్ళు మాట్లాడుతుండగా కింది అర తలుపు తీశాను. రెండు సంచులూ ఉన్నచోటే ఉన్నాయి. కానీ మొన్నటిదాకా జిగటగా, గోధుమరంగులో ఉన్న ఉంగరాలు కొత్త పళ్ళలా మెరుస్తున్నాయి. ముట్టుకుంటే గరగర.

"సిస్టర్!" అని అరిచాను.

నర్సమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ బావ దగ్గర పన్నెండేళ్ళుగా ఉంది. ఆ నెలలోనే ట్రే జారవిడిచి అద్దాలు పగలగొట్టినందుకు, ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికేనని బావ అందరి ముందూ అన్నాడు.

"ఇవి ఎవరు కడిగారు?"

ఆవిడ సంతోషంగా తలూపింది. "నేనే. సోమవారం లోపు ఈ కప్పు కింద ఉన్న ప్రతి వస్తువూ శుభ్రం కావాలన్నారుగా సార్. బుధవారం మధ్యాహ్నం తలుపు తీస్తే అబ్బ, ఎంత పాచి! ఉత్తగా కడిగితే పోతుందా? ఆటోక్లేవ్‌లో పెట్టి తీశా. ఒక్క క్రిమి బతికి ఉంటే నన్నడగండి."

పళ్ళు పీకే పటకార్లని ఆవిరిలో ఉడికించే పెట్టె అది. దాంట్లో నుంచి ఏదీ బతికి బయటికి రాదు.

నాకు నవ్వొచ్చింది. నిజం చెప్తున్నా, నవ్వే వచ్చింది ముందు. తర్వాత మాస్టారి మొహం చూశాను. ఆయన ఆవిడ మీద అరవలేదు. "ఎంతసేపు పెట్టావమ్మా?" అని మాత్రం అడిగాడు.

"రెండు సార్లు తిప్పానండీ, ఒక్కోటి ఇరవై నిమిషాలు."

"బాగా శుభ్రమైంది" అన్నాడు. ఆవిడకి అప్పుడే ఏదో తేడాగా ఉందని తట్టింది. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ గోడకి ఆనుకుంది.

ఇప్పుడు చేతిలో మంచి ఉప్పునీళ్ళు ఒక్క చెంబుడు లేవు. డ్రమ్ము నిన్ననే ఖాళీ. కొత్తగా కలిపితే కరగడానికీ వెచ్చబడడానికీ సాయంత్రం దాకా పడుతుంది. చిన్న చేప అప్పటికే తల కిందికి తోక పైకి.

ఫోన్ ఇంకా తెగలేదు. అవతల నుంచి ఆవిడే అడిగింది. "నీళ్ళు కావాలా?"

"నీ దగ్గరెక్కడివే?"

"నిన్న తొట్టి పగిలినప్పుడు కారిపోనిచ్చాననుకున్నావా? ఇంట్లో ఉన్న బకెట్లూ గిన్నెలూ అన్నీ పట్టా. స్నానానికి చెంబు కూడా లేదు ఇంట్లో."

"స్పాంజి? ఫిల్టర్ స్పాంజి?" ఆయన లేచి నిలబడ్డాడు. "ఎండలో వేశావా?"

"ఎండలో ఎందుకేస్తాను? పదకొండేళ్ళు నీతో కాపురం చేసి ఆ మాత్రం తెలీదా? ఆ నీళ్ళలోనే ముంచి ఉంది. గాలిపంపు కూడా పెట్టా."

"పదకొండేంటే, ముప్పై..."

"చేపలొచ్చాక పదకొండు. అంతకుముందుది నేను లెక్కేసుకోను. ఆటో దొరికితే వస్తున్నా."

ఆటో దొరకలేదు. కూరగాయల ట్రాలీ వాడిని బతిమాలి, వెనక నాలుగు బకెట్ల మధ్య తను కూర్చుని వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. ఒళ్ళో గిన్నె, గిన్నెలో నల్లగా పాచి పట్టిన స్పాంజి. పాత తొట్టి బ్యాక్టీరియా కాపురమంతా దాంట్లోనే ఉంది. దాన్ని చూసి నర్సమ్మ ముక్కు మూసుకోబోయి చేయి దించేసింది.

ఎక్స్‌రే గది పక్క స్టోరులో పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టాం. మాస్టారు పాత నీళ్ళు పోసి, స్పాంజి పెట్టి, గాలిపంపు కలిపి, హీటరు దించాడు. పెద్ద చేప ఒక్క విసురుకి గిన్నెలోకి వచ్చింది. చిన్నది పారిపోలేదు, చేతికే వచ్చేసింది. అదే భయం. టబ్బులో వేస్తే అడుక్కి వెళ్ళి పక్కకి పడిపోయింది. దవడ మాత్రం కదులుతోంది. ఆడది దాని చుట్టూ తిరుగుతూ మూతితో పొడుస్తోంది.

"లేపుతోంది" అన్నాను.

"లేపడం లేదు, తిడుతోంది" అంది టైలరమ్మ. ఎవరూ నవ్వలేదు.

టబ్బు నీళ్ళు ఆ రోజు ఆవిడా నేనూ కలిసి ప్రతి రెండు గంటలకీ చూశాం. ఆవిడ "పసుపు" అన్నాక నేనూ చూసి "పసుపు" అనాలి. అప్పుడే మాస్టారు తలూపేవాడు. ఒకసారి నేను "కొంచెం ఆకుపచ్చగా ఉందేమో" అంటే ఆవిడ గొట్టం లాక్కుని నా చొక్కా కాలరుకి ఆనించి, "ఇది ఆకుపచ్చ. ఇది పసుపు. ఇంజనీరింగు ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది" అంది. ఆ చొక్కా ఆకుపచ్చదే.

సాయంత్రం నాలుగింటికి బావ ఆఖరి పేషెంటుని పంపి బయటికొచ్చాడు. తొట్టి ఖాళీ. లైటు వెలుగుతోంది.

"చేపలేవి?"

ఈసారి నా దగ్గర జోకు లేదు. నర్సమ్మ ట్రే పట్టుకుని నా వెనకే ఉంది. ట్రేలో పటకార్లు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. నేను నోరు తెరిచాను. ఎప్పుడైనా ఆగానా గనక? మాస్టారు నాకన్నా ముందు మాట్లాడాడు.

"తప్పు నాది డాక్టర్‌గారూ. గురువారం పరీక్ష చేయకుండా వదిలాను. అమ్మోనియా ఉంది. తీసి పక్కన పెట్టాను. తొట్టి మళ్ళీ మొదటినుంచి తయారవ్వాలి. స్పాంజి ఉంది కాబట్టి మూడు వారాల్లో అవుతుంది."

"మూడు... సోమవారం అండీ! కార్డులు పంచేశాను!"

"తెలుసు."

"టబ్బులో బతికున్నాయిగా? సోమవారం పొద్దున రెండు గంటలు తొట్టిలో వేసి తీయండి. ఫొటోలు అయ్యేదాకా."

"వేయను."

"రెండే గంటలు!"

"రెండు గంటల్లో పెద్దది తట్టుకుంటుంది. చిన్నది పోతుంది. పిల్లల ముందే పోతుంది."

బావ మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ళ అనుభవం అన్నారు. పరీక్ష చేయకుండా వేశానంటున్నారు. ఇంక ఈ తొట్టి మీ చేతికి ఎందుకివ్వాలో మీరే చెప్పండి."

బావ కాసేపు చూసి, "సోమవారం అయ్యాక తేలుస్తా" అని లోపలికెళ్ళిపోయాడు. నర్సమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆవిడ కళ్ళలోకి నేను చూడలేదు.

శనివారం చిన్న చేప తిండి ముట్టలేదు. మధ్యాహ్నం ఒకసారి పూర్తిగా వెల్లకిలా తిరిగింది. మాస్టారు చేయి నీళ్ళలో పెట్టి దాని కింద అరచేయి పట్టుకుని అలాగే ఉన్నాడు, ముట్టుకోకుండా, అరగంట. మోచేతి దాకా చర్మం ముడతలు పడింది. "రొయ్యపిల్లలకైతే ఇలా చేయి పట్టేవాణ్ణి కాదు" అన్నాడు ఎవరితోనో.

ఆదివారం ఆసుపత్రి సెలవు. అయినా తొమ్మిదింటికి వెళ్ళి తాళం తీశాను. మాస్టారూ టైలరమ్మా అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు. టబ్బు మూత నేనే ఎత్తాను, వాళ్ళు ముందుకు రాలేదు. చిన్న చేప నిటారుగా ఉంది. ఆడదాని తోక వెనకే, కొంచెం వంకరగా, కానీ ఈదుతోంది. టైలరమ్మ చిటికెడు మేత వేసింది. ఆడది లాగేసుకుంది. రెండో చిటికెడు వేసింది. చిన్నది నోట్లోకి తీసుకుంది, ఉమ్మేసింది, మళ్ళీ తీసుకుంది. ఈసారి మింగింది.

ఆవిడ అక్కడే నేలమీద కూర్చుని టేపు చుట్టుకోవడం మొదలుపెట్టింది.

మాస్టారు నన్ను బయట టోకెన్ల బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు. రేపటి కోసం తెచ్చిన బెలూన్లు గాలి ఊదకుండా బల్ల మీద కుప్పగా ఉన్నాయి. వాటిని పక్కకి జరిపి కూర్చున్నాడు. ఒక బెలూను తీసి వేలికి చుట్టుకుంటూ మొదలుపెట్టాడు.

"మీ బావగారు రేపు నన్ను ఉంచుతారో తీసేస్తారో. ఉంచితే మాత్రం, ఆయనకి తెలియకుండా నేనీ పని చేయకూడదు బాబూ. అప్పుడు సంతకం పెట్టినప్పుడూ ఇలాగే, తెలిసి ఊరుకున్నా. నాలుగుసార్లు ఆ గది తలుపు దాకా వెళ్ళా. నోరు పెగల్లేదు. నీకు నోటికి అడ్డు లేదంటారు కదా. రేపు పొద్దున ఆ బెలూన్లూ అవీ కట్టకముందే లోపలికెళ్ళి, నా కళ్ళకి రంగు తెలియదని, నాలుగేళ్ళుగా మా ఆవిడ చూసి చెప్తోందని ఆయనతో చెప్పు. అంతా చెప్పు, ఏం దాచకు. ఆ నర్సమ్మ సంగతి మాత్రం, దయచేసి, ఒక్క ముక్క ఎత్తకు."